పాత కారు వెనుక ఎందుకు కుంగుతుంది? టైరు ఎందుకు రాసుకుంటుంది?

కొటుమ్‌సర్ గుహ చూసి జగదల్‌పూర్ తిరిగి వస్తున్నాం. మావయ్య అంబాసిడర్‌లో ముందు ఇద్దరం, వెనుక ముగ్గురు. డిక్కీలో భోజనాల క్యారియర్లు, తీరథ్‌గఢ్ దగ్గర అత్తయ్య బేరమాడి కొన్న వెదురు బుట్టలు. కాంగేర్ లోయ అడవి దాటి పెద్ద రోడ్డు ఎక్కే చోట ఓ గుంత వచ్చింది. కారు దిగి లేచింది. వెంటనే వెనుక ఎడమవైపు నుంచి 'బర్ర్'మని చప్పుడు. నాలుగు మలుపులు తిరిగేసరికి కాలిన రబ్బరు వాసన.

దిగి చూశాం. ఎడమ వెనుక టైరు భుజం మీద అరచేయంత మేర నున్నగా గీసుకుపోయింది. దానికి పైన మడ్‌గార్డు అంచు లోపలివైపు రంగు లేచిపోయి ఇనుము తళతళా మెరుస్తోంది. టైరు నేలకు ఆనే భాగంలో రబ్బరు మందంగా ఉంటుంది కాబట్టి అక్కడ కాస్త అరిగినా పర్వాలేదు. కానీ భుజం కింద మొదలయ్యే పక్కగోడ పలుచన. రేకు అంచు అక్కడ పదేపదే గీస్తే లోపలి దారాలు తెగి, ఏదో ఒక రోజు ఉన్నట్టుండి పేలుతుంది. ఇంకో నెలన్నరలో ఇదే కారులో సాలూరులో పెళ్లికి వెళ్లాలని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. కోరాపుట్ దాటాక సుంకి ఘాట్ దిగాలి.

నేను బస్తర్ వెళ్లింది గుహలోని చేపల గురించి రాయడానికి. చీకట్లో బతికి బతికి చూపు తగ్గిపోయిన చేపలవి. ఆ కథ ఇంకోసారి. "ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివేవు కదమ్మా, ఇదెందుకు రాసుకుంటోందో చెప్పు మరి" అని మావయ్య అడిగేసరికి నా మిగతా మూడు రోజులూ కారు కిందే గడిచాయి.

మావయ్యది లారీలకు పేరుపడ్డ సాలూరు. ముప్పై ఏళ్ల కిందట జగదల్‌పూర్ వచ్చి కిరాణా దుకాణం పెట్టాడు. కారు 1990ల నాటిది. దుకాణానికి బస్తాలు మోసింది, చుట్టాలను మోసింది. వెనుక భాగం ఏళ్ల తరబడి కుంగుతూ వచ్చింది. రెండేళ్లుగా రాత్రిపూట ఎదురొచ్చే లారీల వాళ్లు లైట్లు కొట్టి తిట్టడం మొదలెట్టారట. డిమ్‌లో పెట్టినా ఊరుకోలేదట. దాంతో వెనుక రెండు చక్రాలకూ బొలెరో టైర్లు వేయించాడు. పెద్ద టైరు వేస్తే వెనుక భాగం లేస్తుందన్నది ఆయన లెక్క.

లేచిన మాట నిజమే. నేల నుంచి కొలిస్తే లేచింది.

లారీల వాళ్లు తిట్టడంలోనూ న్యాయముంది. అంబాసిడర్ ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2,464 మిల్లీమీటర్లు. వెనుక 40 మి.మీ. కుంగితే బండి మొత్తం ముక్కు పైకెత్తుతుంది. ఆ వాలు సుమారు 1.6 శాతం. అంటే హెడ్‌లైటు వెలుగు 50 మీటర్ల దూరంలో ఉండాల్సిన చోటు కంటే 80 సెంటీమీటర్లు పైన పడుతుంది. ఎదుటివాడి మోకాళ్ల మీద పడాల్సిన వెలుగు నేరుగా కళ్లలో పడుతుందన్నమాట. ఘాట్ రోడ్డులో ఇది టైరు రాసుకోవడం కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు.

కుంగడం వేరు, మెత్తబడటం వేరు

అంబాసిడర్ వెనుక చక్రాల ఇరుసును మోసేవి కమాన్ కట్టలు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాగా ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైన ఈ కారులో వెనుకవైపు ఏర్పాటు ఇదే. ఒకదాని కింద ఒకటి, పొడవు తగ్గుతూ పేర్చిన ఉక్కు పట్టీలు, వాటిని ఇరుసుకు బిగించే యూ బోల్టులు, ఒక చివర పిన్ను, రెండో చివర షాకిల్. జీపుల్లో, లారీల్లో, ఆటో ట్రాలీల్లో మీరు చూసేవీ ఇవే. కట్ట మొత్తం నవ్వుతున్న నోరులా పైకి వంపు తిరిగి ఉంటుంది. బరువు పడితే ఆ వంపు తగ్గుతుంది, బరువు తీస్తే తిరిగి వస్తుంది.

కుంగిన కారును చూడగానే అందరం అనే మాట ఒకటే: "స్ప్రింగ్ వీకైపోయింది." మెకానిక్ అదే అంటాడు, మనమూ తలూపుతాం. కానీ ఈ మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. మొదటిది, బరువు వేస్తే స్ప్రింగు ఎంత దిగుతుంది అన్నది. రెండోది, బరువేమీ లేనప్పుడు దాని ఆకారం ఏమిటి అన్నది. మొదటిది బల స్థిరాంకం. రెండోది వంపు. పాత కమాన్ కట్టలో సాధారణంగా మారేది రెండోదే.

దీనికి కారణం ఉక్కు స్వభావంలోనే ఉంది. సాగుదల బలానికి అనులోమంగా ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. (1676లోనే ఆ వాక్యాన్ని అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా అచ్చువేశాడు. ఇంకెవరైనా ముందే కనుక్కున్నామని అంటారేమోనని ఆయన భయం.) ఆ అనులోమ సంబంధంలో ఉక్కు తరఫున కనిపించే సంఖ్య యంగ్ గుణకం. అది సుమారు 200 గిగాపాస్కల్. గోడకు కొట్టే మెత్తటి మేకుకైనా, గట్టి కమాన్ పట్టీకైనా ఆ విలువ దాదాపు ఒకటే. అది పరమాణువుల మధ్య బంధాల బిగువు మీద ఆధారపడుతుంది. ఇరవై ఏళ్లు బస్తాలు మోసినంత మాత్రాన ఇనుప పరమాణువుల మధ్య బంధం సడలిపోదు.

మేకుకూ కమాన్ పట్టీకీ తేడా స్థితిస్థాపక అవధిలో ఉంది. అంటే ఎంత వంచే దాకా తిరిగి యథాస్థితికి వస్తుంది అన్నదానిలో. మామూలు ఇనుప కడ్డీ 250 మెగాపాస్కల్ ప్రతిబలం దగ్గరే లొంగిపోతుంది. సరిగ్గా పదును పెట్టిన కమాన్ ఉక్కు 1,000 దాటినా లొంగదు. ఊళ్లలో కమ్మరులు కత్తికీ కొడవలికీ పాత కమాన్ పట్టీ దొరికితే వదలరు. అర శాతానికి కాస్త అటూ ఇటూగా కార్బన్, దానికి తోడు సిలికాన్, మాంగనీసు ఉన్న ఉక్కు అది.

అయినా అవధి అనేది గీత గీసినట్టు ఉండదు. నిండు బరువుతో గుంతలో పడ్డప్పుడు పట్టీ పై ముఖం మీద లాగుడు ఒక్క క్షణం హద్దు దాకా వెళ్తుంది. లోహపు స్ఫటికాల్లో స్థానభ్రంశాలనే లోపాలు ఉంటాయి. జంపఖానాలో ముడతను తోసినట్టు అవి ఒక్క అడుగు జరుగుతాయి, బరువు తీసినా వెనక్కి రావు. ఒక్కో గుంతకు వంపు తగ్గేది మనం కొలవలేనంత తక్కువ. కానీ గుంతలు లక్షల్లో ఉంటాయి. సిలికాన్ కలపడం ఈ జరుగుబాటును అడ్డుకోవడానికే. తయారీలోనే పట్టీని ఒకసారి కావాలని అవధి దాటించి నొక్కడం కూడా అందుకే. అలా నొక్కిన పట్టీ తర్వాత తొందరగా కుంగదు.

కాబట్టి కుంగిన కట్ట 'మెత్తబడింది' అనేముందు అది నిజమో కాదో చూడాలి. అది కష్టమేమీ కాదు. కిరాణా దుకాణం ఉన్న ఇంట్లో అసలే కాదు.

బియ్యం బస్తాలతో ఒక ఆదివారం

కారును చదునైన సిమెంటు నేల మీద నిలిపాం. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టాం. వెనుక సీటు తీసేశాం, బస్తాలు సరిగ్గా ఇరుసు మీదుగా పేర్చడానికి. చక్రం మధ్యబిందువు నుంచి మడ్‌గార్డు అంచు దాకా నిట్టనిలువుగా ఎంత దూరముందో కొలిచాం. నేల నుంచి కాకుండా చక్రం మధ్య నుంచి కొలవడమే ఇక్కడ కీలకం. నేల నుంచి కొలిస్తే టైరు సైజూ, గాలీ లెక్కలో కలిసిపోయి కట్ట సంగతి మరుగున పడుతుంది. మావయ్యను బొలెరో టైర్లు మోసం చేసింది అక్కడే.

25 కిలోల బస్తాలు రెండు చొప్పున వేస్తూ పోయాం. ప్రతిసారీ డిక్కీని రెండు చేతులతో పైకీ కిందకీ ఊపి, అది స్థిరపడ్డాక కొలిచాం. రెండు బస్తాలంటే ఒక్కో కట్ట మీద 25 కిలోలు, అంటే 245 న్యూటన్లు. ఎడమవైపు దిగిన లెక్క 11, 13, 12, 12 మిల్లీమీటర్లు. కుడివైపూ ఇంచుమించు అంతే. ఎనిమిది బస్తాలకు 48 మి.మీ. కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే తిన్నని గీత వచ్చింది. 245ను 12తో భాగిస్తే మిల్లీమీటరుకు సుమారు 20 న్యూటన్లు. హుక్ గారు చూస్తే సంతోషించేవారు.

బస్తాలు దించుతూ కొలిస్తే మాత్రం అవే సంఖ్యలు రాలేదు. ప్రతిచోటా నాలుగైదు మిల్లీమీటర్లు తక్కువ ఎత్తు చూపించింది. మావయ్య టేపును అనుమానించాడు. టేపు తప్పేం లేదు. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారేటప్పుడు రాపిడి ఉంటుంది. దిగేటప్పుడు దిగనివ్వదు, లేచేటప్పుడు లేవనివ్వదు. పాఠ్యపుస్తకంలో శైథిల్యం అని చదువుకున్న వలయం ఇదే. తుప్పు పట్టిన కట్టల్లో ఇంకా పెద్దదిగా ఉంటుంది. అందుకే వేస్తూ ఒకసారి, తీస్తూ ఒకసారి కొలిచి సగటు తీసుకోవాలి.

గీత తిన్నగా ఉంది, రెండు వైపులా వాలు ఒకటే. ఏదైనా పట్టీ విరిగి ఉంటే ఆ వైపు గీత వేరేలా ఉండేది. తుప్పు తిని పట్టీ పలచబడ్డా తేడా తెలిసేది. పట్టీ బిగువు దాని మందం ఘనానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి 6 మి.మీ. పట్టీ అరిగి 5.5 అయితే బిగువు దాదాపు నాలుగోవంతు పోతుంది. మా కట్టల్లో అలాంటిదేమీ లేదు.

మరి ఎత్తు? ఊళ్లోనే అదే కాలపు ఇంకో అంబాసిడర్ ఉంది. నాలుగేళ్ల కిందట కొత్త కట్టలు వేయించారు. యజమానిని అడిగి ఖాళీ బండికి అదే కొలత తీసుకున్నాం. మావయ్య కారు దానికంటే 40 మి.మీ. కిందికి ఉంది. బిగువు అలాగే ఉంది. వంపు పోయింది.

ఇంకో కొలత కూడా తీశాం. ఇరుసుకూ, దానికి పైన ఛాసిస్‌కు అంటించిన బంప్ స్టాప్ రబ్బరుకూ మధ్య ఖాళీ బండిలో మిగిలింది 65 మి.మీ. వెనుక ముగ్గురు, సామానుతో కలిపి ఒక్కో కట్ట మీద అదనంగా 125 కిలోలు పడితే బండి మరో 60 దిగుతుంది. గుంతకు మిగిలేది 5 మిల్లీమీటర్లు! రబ్బరు దిమ్మ మెరిసేలా అణిగిపోయి ఉండటానికి కారణం అదే.

లారీ పట్టీ వేస్తే ఏమవుతుంది?

ముగ్గురు మెకానిక్‌లను అడిగాం. ఇద్దరు అదనపు పట్టీ వేయమన్నారు. ఒకరు లారీ పట్టీ కోసి వేస్తే ఇక జన్మలో కుంగదని హామీ ఇచ్చారు. సాలూరువాడైన మావయ్యకు ఆ మాట బాగా నచ్చింది.

లెక్క వేద్దాం. ఖాళీ కారులో వెనుక ఒక్కో కట్ట మీద సుమారు 200 కిలోలు పడుతుందనుకుంటే, ఆ బరువుకే కట్ట 96 మి.మీ. దిగి ఉంటుంది. ఆరు పట్టీల కట్టకు అదే మందం, అదే పొడవు, అదే వంపు ఉన్న ఏడోది చేరిస్తే బిగువు ఆరోవంతు పెరుగుతుంది. అప్పుడు దిగేది 82 మి.మీ. అంటే బండి లేచేది 14 మాత్రమే. మనకు కావలసింది 40. వంపు పోయిన కట్టకు బిగువు పెంచి మాత్రమే ఎత్తు తేవాలంటే బిగువును 1.7 రెట్లు చేయాలి.

లారీ పట్టీ సరిగ్గా ఆ పని చేస్తుంది. మందం 10 మి.మీ. అనుకోండి. 6తో పోలిస్తే 10 మందం పట్టీ ఘనాల లెక్కలో 4.6 రెట్లు బిగువు. వెడల్పూ పొడవూ సమానమైతే ఆ ఒక్క పట్టీ దాదాపు ఐదు కారు పట్టీలకు సమానం. మొత్తం బిగువు ఆరు నుంచి పది దాటుతుంది. ఎత్తు వస్తుంది. మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు.

కానీ దానికి మూల్యం వేరేచోట చెల్లించాలి. ఈ కారు వెనుక భాగం సహజంగా సెకనుకు 1.6 సార్లు ఊగుతుంది. లారీ పట్టీతో అది 2కు పైన పోతుంది. ఖాళీగా వెళ్లేటప్పుడు గతుకుల మీద వెనుక చక్రాలు నేలను అంటిపెట్టుకోకుండా ఎగురుతాయి. ఎగిరిన చక్రానికి బ్రేకు పట్టదు, తడి మలుపులో వెనుక భాగం జారుతుంది. మృదువైన బిగువుకు సరిపడేలా చేసిన షాక్ అబ్జార్బర్లు ఈ కొత్త బిగువును అదుపు చేయలేవు. పైగా మందపు పట్టీ పలుచని పట్టీలతో కలిసి వంగదు. భారమంతా తన మీదే వేసుకుంటుంది, సెంటర్ బోల్టు దగ్గర పగులుతుంది. ఎప్పుడూ నిండు బరువు మోసే బండికి అదనపు పట్టీ తప్పు కాదు. అక్కడ కావలసింది బిగువే. ఇక్కడ రోగం అది కాదు.

షాకిల్ పొడుగు చేయించే ఉపాయం ఒకటుంది. అది కట్టకు ఒక చివరే ఉంటుంది కాబట్టి 40 మి.మీ. పొడుగు చేస్తే మధ్యలో ఉన్న ఇరుసు దగ్గర లేచేది సగమే, 20. అంతేకాక ఇరుసు కాస్త తిరిగిపోయి ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ల కోణం మారుతుంది, బండి వణుకుతుంది. ఇప్పటి కార్లలో ఉండే చుట్ట స్ప్రింగుల మధ్య రబ్బరు దిమ్మ దూర్చడమూ ఇదే జాతి. అది కొన్ని చుట్లను పనిచేయకుండా చేసి బిగువు పెంచుతుంది, పోయిన ఎత్తును అసలు చోట తిరిగి తేదు.

కొలిమిలో కాల్చి వంచితే?

వంపు పోయింది కాబట్టి వంపు తెప్పిద్దాం అనుకోవడం సబబే. బస్తర్‌లో ఇనుము తెలిసినవాళ్లకు కొదవ లేదు. కొండగావ్ ఇనుప శిల్పాలు దేశమంతా వెళ్తాయి. జగదల్‌పూర్ పక్కనే నగర్‌నార్‌లో పెద్ద ఉక్కు కర్మాగారం ఉంది. లారీ షెడ్ల దగ్గర కొలిమి పెట్టుకున్న ఒకాయన, పట్టీలు విప్పి తెస్తే సాయంత్రానికి వంపు తిప్పి ఇస్తానన్నాడు.

పట్టీని ఎర్రగా కాల్చి వంచడం సులువే. అసలు పని ఆ తర్వాత ఉంది. కర్మాగారంలో సుమారు 850 నుంచి 900 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, వంపు తిప్పి, నూనెలో ముంచుతారు. అప్పుడు అది గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ 400–500 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి ఆ పెళుసుతనం తీస్తారు. ఈ రెండో అడుగులోనే దానికి స్ప్రింగు గుణం వస్తుంది. ఎర్రగా కాల్చి గాలికి వదిలేసిన పట్టీకి యంగ్ గుణకం మారదు. బస్తాలు వేసి కొలిస్తే అదే తిన్నని గీత వస్తుంది! కానీ స్థితిస్థాపక అవధి సగానికి పడిపోయి ఉంటుంది. కొత్త వంపు కొన్ని వారాల్లో మాయమవుతుంది. నీళ్లలో ముంచి వదిలేస్తే ఇంకా ప్రమాదం, ఓ గుంతలో పుటుక్కున విరుగుతుంది.

కాల్చకుండా సుత్తితో కొట్టి వంచడం దీనికంటే నయం. ఉక్కు పదును పోదు. అయితే పట్టీని పనిచేసే దిక్కుకు ఎదురు దిక్కులో వంచుతున్నాం. ఒక దిక్కులో లొంగదీసిన లోహం రెండో దిక్కులో మునుపటికంటే తేలిగ్గా లొంగుతుంది. దీనికి బౌషింగర్ ప్రభావమని పేరు. అందుకే ఇలా వంచిన కట్టలు కొన్నాళ్లు బాగుండి మళ్లీ కుంగుతాయి. వేడిచేసే పొయ్యి, ఉష్ణోగ్రత కొలిచే సాధనం ఉన్న కమాన్ వర్క్‌షాపులో చేయిస్తే కథ వేరు. లేదంటే కొత్త కట్ట కొనడమే.

టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య

కుంగుబాటు సగం కథ. మిగతా సగం ఆ బొలెరో టైరు.

టైరు పక్కన 215/75 ఆర్15 అని ఉంది. వెడల్పు 215 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, అంటే 161. లోపలి రిమ్ 15 అంగుళాలు, అంటే 381. రెండు పక్కగోడలు కలిపితే మొత్తం వ్యాసం 703 మి.మీ. అంబాసిడర్‌కు వచ్చేది 5.90–15 టైరు. ఇక్కడ మొదటి సంఖ్య అంగుళాల్లో వెడల్పు, అంటే 150 మి.మీ. షెడ్డులో పడేసిన పాత టైరును రెండు చెక్కల మధ్య నిలబెట్టి కొలిస్తే వ్యాసం 66 సెం.మీ. వచ్చింది.

తేడాలో సగం, అంటే సుమారు 2 సెం.మీ., కారును నేల నుంచి పైకి లేపింది. మావయ్య చూసింది అదే. అదే 2 సెం.మీ. టైరు పైభాగాన మడ్‌గార్డు వైపు కూడా పెరిగింది. కట్ట కుంగి అప్పటికే 4 సెం.మీ. పోయిన చోట మరో రెండు పోయాయి. వెడల్పు వల్ల అటూ ఇటూ మరికొంత. ఆ టైరుకు కావలసినంత వెడల్పు అంబాసిడర్ రిమ్‌కు లేకపోవడంతో పక్కగోడలు బయటికి ఉబ్బి మలుపుల్లో పక్కకు ఒరుగుతున్నాయి. ఇంకోటి: చక్రం పెద్దదైంది కాబట్టి స్పీడోమీటరు 60 చూపిస్తుంటే కారు 64లో పోతోంది. మావయ్య దీన్ని లాభం కింద వేసుకున్నాడు.

నిలబెట్టిన బండిలో వేలు పెట్టి చూస్తే సందు బాగానే కనిపిస్తుంది. రాసుకునేది నడిచేటప్పుడు, అదీ మలుపూ గుంతా కలిసి వచ్చినప్పుడు. మలుపులో బరువు బయటి చక్రం మీదికి వాలుతుంది, ఇరుసు ఒక పక్క పైకి లేచి వాలుతుంది. బుష్‌లు అరిగి ఉంటే పక్కకు కూడా జరుగుతుంది. కమాన్ కట్టల బండిలో ఇరుసును అటూ ఇటూ పోకుండా పట్టుకునేవి కూడా ఆ కట్టలే, వేరే కడ్డీ ఏమీ ఉండదు. మా కారు షాకిల్ బుష్‌లలో రబ్బరు పేరుకే మిగిలింది.

నడిచేటప్పటి సందు ఎలా కొలవాలి? దీనికి ఖరీదైన సాధనం అక్కర్లేదు. మడ్‌గార్డు లోపల నాలుగైదు చోట్ల తడి బంకమట్టి ముద్దలు అంటించాం. నిండు బరువుతో ఊరి చివరి గతుకుల రోడ్డులో ఓ మైలు నడిపి వచ్చాం. టైరు ముద్దను ఎంత అణిచిందో చూస్తే ఆ చోట మిగిలిన అతి తక్కువ సందు తెలుస్తుంది. ఎడమ అంచు దగ్గర ముద్ద పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. లోపల, కట్ట వైపు 9 మి.మీ. మిగిలింది. ఎండాకాలం ఆ 9 సరిపోతుందేమో గానీ బస్తర్ వానాకాలంలో సరిపోదు. ఎర్రమట్టి మడ్‌గార్డులో పేరుకుని, ఆరి, టైరుకు గరుకు కాగితంలా తగులుతుంది. రెండు వేళ్ల మందం ఉండాలని పాత డ్రైవర్లు చెప్పే లెక్క ఇలాంటి నేలల్లోంచి పుట్టిందే.

మడ్‌గార్డు అంచు కోసేస్తే సరిపోతుందని ఒక సలహా వచ్చింది. అంచు లోపలికి మడిచి ఉండేది రేకుకు బలం కోసం. కోస్తే రేకు వదులై కొట్టుకుంటుంది, కోసిన చోట తుప్పు మొదలవుతుంది. దాన్ని లోపలివైపు చదును చేయడం వేరు, కోయడం వేరు. చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు వేస్తే లోపలి సందు పెరిగి బయటి సందు తగ్గుతుంది, బేరింగు మీద మోపు పెరుగుతుంది. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదన్నదీ గుర్తుంచుకోవాలి.

మావయ్యకు ఇదంతా చెప్పాక రెండు రోజులు మాట్లాడలేదు. కొత్త కట్టల ఖర్చు, పెట్టిన టైర్ల ఖర్చు పక్కపక్కన రాసుకుని చూస్తూ కూర్చున్నాడు. చివరికి "టైర్లు ఎవడైనా బొలెరో వాడికి అమ్మేద్దాం" అన్నాడు.

విశాఖ నుంచి అసలు కొలతల కట్టలు రెండు తెప్పించాం. ఒక్కటి మార్చకూడదు. కొత్తదీ పాతదీ కలిస్తే బండి ఒక పక్కకు ఒరుగుతుంది. బుష్‌లు, షాకిల్ పిన్నులు, యూ బోల్టులు కూడా కొత్తవే. ఒకసారి సాగేలా బిగించిన యూ బోల్టును మళ్లీ వాడటం దండగ. బండిని జాకీ మీద మాత్రమే నిలిపి కింద దూరొద్దని నేను మొత్తుకుంటే షెడ్డువాళ్లు నవ్వి, చివరికి చెక్క దిమ్మలు పెట్టారు. బుష్ బోల్టులను మాత్రం బండి చక్రాల మీదికి దిగాకే గట్టిగా బిగించమన్నాం. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగినప్పుడు లోపలి రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. ఇరుసు మీద బండి లేచింది కాబట్టి బ్రేకు గొట్టం బిగుసుకుందేమో చూశాం. హెడ్‌లైట్లు గోడ మీద గీత గీసి మళ్లీ సరిచేశాం. వెనుక చక్రాలకు తిరిగి సన్న టైర్లు వచ్చాయి.

బస్తాలు మళ్లీ ఎక్కించాం. రెండు బస్తాలకు 12 మి.మీ., పాతదానిలాగే. ఖాళీ బండి ఎత్తు మాత్రం 42 పెరిగింది.

మొదటి 300 కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు మళ్లీ బిగించాలి. కొత్త పట్టీలు సర్దుకుని కాస్త వదులవుతాయి. పెళ్లి ముందు రోజు బోరిగుమ్మ, జయపూర్, కోరాపుట్ మీదుగా ఆరుగురితో బయల్దేరిన మావయ్య ఆ పని సాలూరులో లారీ షెడ్డులో చేయించుకున్నాడు. అక్కడివాళ్లు కట్టలు చూసి, లారీ పట్టీ ఒకటి వేసుంటే సరిపోయేది కదా అన్నారట. నేను చెప్పినట్టే బయల్దేరే ముందు మడ్‌గార్డుల్లో బంకమట్టి ముద్దలు పెట్టాడు. సుంకి ఘాట్ దిగాక స్కేలు పెట్టి కొలిచి ఫోన్ చేశాడు. ఎడమవైపు 34, కుడివైపు 36.